స్టీరింగ్ కంటే ముందు బ్రేకు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. రోజూ సిటీ బస్సులు, ఆటోలు తిరిగే ఎన్టీఆర్ మార్గ్, ఎన్టీఆర్ గార్డెన్స్ పరిసరాల్లో కాంక్రీటు గోడలు నిలబెట్టి 2.83 కిలోమీటర్ల ట్రాక్ తయారుచేశారు. అందులో 18 మలుపులు. 11 జట్లు, 22 కార్లు. ఆ కార్లకు ఆ దారి పూర్తిగా కొత్త. వీధి ట్రాక్ రేసు రోజుల్లో తప్ప ఉండదు కాబట్టి ముందుగా వచ్చి సాధన చేసే వీలు లేదు. అందుకే ఫార్ములా ఈ జట్లు సాధనలో చాలా భాగం సిమ్యులేటర్ గదుల్లోనే చేస్తాయి. ట్రాక్ కొలతలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, తెర ముందు కూర్చున్న డ్రైవర్ చేత మలుపు మలుపూ బట్టీ పట్టిస్తాయి.

ఆ రోజు ఫ్రాన్స్ డ్రైవర్ జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. నిక్ కాసిడీ చివరి ల్యాప్ దాకా అతని వెనకే అంటుకుని వచ్చాడు. జాగ్వార్ జట్టు మాత్రం తన చేతులతో తానే నష్టపోయింది. హెయిర్‌పిన్ మలుపు దగ్గర శామ్ బర్డ్ సమయానికి వేగం తగ్గించలేక సొంత జట్టువాడైన మిచ్ ఎవాన్స్ కారునే గుద్దాడు. కోట్ల రూపాయల కారు, ప్రపంచస్థాయి డ్రైవరు, అయినా రేసు చేజారింది బ్రేకు దగ్గరే.

మరుసటి ఏడాది జరగాల్సిన హైదరాబాద్ రేసు 2024 జనవరిలో రద్దయింది. అసలు ట్రాక్ మీద కారు నడపాలంటే సూర్యాపేట జిల్లా కుర్రాడు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో పోవాలి. టైర్ల ఖర్చు తలుచుకుంటేనే ఆ కోరిక సగం చల్లారుతుంది. సిమ్యులేటర్ సంగతి వేరు. అదే జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్)లో ఒక గది, ఒక పీసీ, ఒక స్టీరింగ్, కరెంటు ఉంటే చాలు. పెద్ద జట్ల గదుల్లో పనిచేసే భౌతికశాస్త్రమే ఇక్కడా పనిచేస్తుంది. చిక్కంతా డబ్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే. కొత్తగా మొదలుపెట్టేవారు చాలామంది ఉన్నదంతా స్టీరింగ్ మీద పోస్తారు. ఆ వరస మారాలి. ఎందుకు మారాలో తెలియాలంటే స్టీరింగ్ లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

నిజం కారులో మలుపు తిప్పినప్పుడు స్టీరింగ్ చేతుల్లో బరువెక్కుతుంది. ముందు టైరు తాను చూస్తున్న దిక్కుకూ కారు పోతున్న దిక్కుకూ మధ్య కొద్ది డిగ్రీల తేడాతో జారుతూ దొర్లుతుంది. ఆ జారుడు కోణం వల్లే పక్కకు లాగే బలం పుడుతుంది. ఆ బలం టైరు రోడ్డును తాకే అచ్చుకు సరిగ్గా మధ్యలో పనిచేయదు, కాస్త వెనగ్గా పనిచేస్తుంది. అందుకే చక్రం తిరిగి తిన్నగా రావాలని చూస్తుంది. చేతికి తెలిసే బరువు అదే. ఇందులో డ్రైవరుకు పనికొచ్చే రహస్యం ఒకటుంది. జారుడు కోణం పెరిగేకొద్దీ పక్కబలం ఇంకా పెరుగుతూనే ఉంటుంది, కానీ తిన్నగా తెచ్చే బలం అంతకంటే ముందే శిఖరాన్ని తాకి తగ్గడం మొదలుపెడుతుంది. అంటే టైరు పట్టు వదలడానికి కొంచెం ముందు స్టీరింగ్ తేలికవుతుంది. ఆ తేలికే హెచ్చరిక. దాన్ని పసిగట్టిన డ్రైవరు కారును అంచు మీద నిలబెట్టగలడు.

ఈ లెక్కకు సమీకరణాలు ఇచ్చినవారిలో డచ్ ఆచార్యుడు హన్స్ పచేకా పేరు ముందు చెప్పుకోవాలి. డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1980లలో తయారుచేసిన టైరు సూత్రానికి మ్యాజిక్ ఫార్ములా అనే పేరు స్థిరపడింది. ఇలాంటి టైరు నమూనాలను సిమ్యులేటర్ ఆట తన గుండెలో పెట్టుకుని నిరంతరం లెక్క కడుతుంది. ఇటలీకి చెందిన కునోస్ సంస్థ 2014లో పూర్తిస్థాయిలో విడుదల చేసిన అసెట్టో కోర్సాలో ఈ లెక్క సెకనుకు 333 సార్లు జరుగుతుంది. వచ్చిన జవాబు యూఎస్‌బీ తీగ గుండా స్టీరింగ్‌లోని మోటారుకు చేరి, మోటారు మన చేతుల మీద తిరగబడుతుంది. దీనినే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు.

మోటారు బలం చేతికి చేరే దారులు మూడు. లాజిటెక్ జీ29 వంటి చక్రాల్లో చిన్న మోటార్లు, పళ్ల గేర్లు ఉంటాయి. గట్టిగా ఉంటాయి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి, కానీ పళ్ల మధ్య ఖాళీ వల్ల నడిమధ్యలో కటకట వినిపిస్తుంది, సన్నని వివరాలు ఆ చప్పుడులో కలిసిపోతాయి. థ్రస్ట్‌మాస్టర్ టీ300 రకంలో గేర్ల బదులు బెల్టు. చేతికి నున్నగా తగులుతుంది, కానీ బెల్టు సాగుడు పదునును కొంత మింగుతుంది. మూడోది డైరెక్ట్ డ్రైవ్: స్టీరింగ్ నేరుగా మోటారు ఇరుసుకే బిగిస్తారు, మధ్యలో ఇంకేమీ ఉండదు. పదేళ్ల కిందట ఇది కర్మాగారాల యంత్రాల కోసం చేసిన సర్వో మోటార్లను కొనుక్కొచ్చి ఔత్సాహికులు ఇంట్లో కట్టుకున్న సరంజామా. ఫిన్లాండ్‌లో సిమ్యూక్యూబ్ అలాంటి ప్రయోగాల నుంచే ఎదిగింది. 2021లో ఫనాటెక్ సీఎస్ఎల్ డీడీ, ఆ తర్వాత మోజా ఆర్5, ఆర్9 వచ్చాక డైరెక్ట్ డ్రైవ్ మధ్యతరగతి చేతికి కొంత అందింది.

పెట్టెల మీద రాసే న్యూటన్ మీటర్లను కిలోల్లోకి మార్చుకుంటే బేరం తేలిగ్గా అర్థమవుతుంది. 28 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న స్టీరింగ్ అంచు మీద 2.2 న్యూటన్ మీటర్లంటే దాదాపు కిలోన్నర బరువు లాగినట్టు. 5 న్యూటన్ మీటర్లంటే మూడున్నర కిలోలు. 8 అంటే ఆరు కిలోలకు కాస్త తక్కువ. గేర్ల చక్రం మొదటి కోవలోకి వస్తుంది, ఫనాటెక్ చిన్న డైరెక్ట్ డ్రైవ్ రెండో కోవలోకి, అదే చక్రానికి పెద్ద పవర్ సప్లై తగిలిస్తే మూడో కోవలోకి.

బలం ఎక్కువైతే చేతులకు పని కల్పించడం ఒక్కటే లాభం కాదు. ఆట అడిగిన బలం మోటారు ఇవ్వగలిగినదాన్ని దాటితే మిగిలినదంతా ఒకే మట్టానికి నరుక్కుపోతుంది. వేగమైన మలుపులో గతుకూ, టైరు తేలికపడటమూ రెండూ ఒకే మొద్దు బరువుగా తెలుస్తాయి. సిమ్ రేసర్లు దీన్ని క్లిప్పింగ్ అంటారు. బలహీనమైన చక్రం కొన్నవారు బరువు కోసం ఆటలో గెయిన్ (బలం స్థాయి) నూటికి నూరు పెట్టి, హెచ్చరికను తామే చెరిపేసుకుంటారు. గెయిన్ తగ్గించి తేలికైన చక్రంతో నడపడమే మేలు. ముందు చెప్పుకున్న ఆ సన్నని తేలిక అప్పుడే చేతికి అందుతుంది. చిన్న చక్రంతో కూడా దాన్ని పట్టుకోవచ్చు. అందుకే పెద్ద స్టీరింగ్ కోసం అప్పు చేయనక్కర లేదు.

ఇక పాదం కిందికి వద్దాం.

చవక సెట్లలోని బ్రేకు పెడల్ ఒక పొటెన్షియోమీటరును తిప్పుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ మీట వెనక ఉండేది అదే. పెడల్ ఎంత దూరం పోయిందో అది కొలుస్తుంది. నిజమైన రేసు కారులో బ్రేకు పెడల్ పెద్దగా కదలదు. లోపలి ద్రవం అణగదు కాబట్టి పాదం ఎంత గట్టిగా తొక్కితే అంత బ్రేకు. కాలి కండరానికి కూడా ఇదే సులువు. పెడల్ సరిగ్గా మూడు సెంటీమీటర్లు నొక్కమంటే పాదం ప్రతిసారీ తడబడుతుంది. ఇంత బరువుతో నొక్కమంటే కొద్ది రోజుల్లోనే గుర్తుపెట్టుకుంటుంది. బరువును కొలిచే పెడల్‌లో ఉండే సాధనం పేరు లోడ్ సెల్.

లోడ్ సెల్ సూర్యాపేట జిల్లా రైతుకు కొత్త వస్తువేమీ కాదు. వడ్ల లారీ మిర్యాలగూడ మిల్లుకు పోయినప్పుడు ధర్మకాంటా మీద ఎక్కుతుంది కదా, ఆ ఇనుప పలక కింద వరసగా ఉండేవి లోడ్ సెల్సే. కొనుగోలు కేంద్రంలో బస్తా తూచే ఎలక్ట్రానిక్ కాంటాలో ఉండేదీ అదే. ఉక్కు దిమ్మె మీద సన్నని లోహపు రేకు తీగను మెలికలు మెలికలుగా అతికిస్తారు. బరువు పడితే దిమ్మె కంటికి కనపడనంతగా వంగుతుంది, దానితో పాటు తీగ సాగుతుంది. సాగిన తీగ సన్నబడి, పొడవై, విద్యుత్ నిరోధం రవ్వంత పెరుగుతుంది. ఆ రవ్వంతను పట్టుకోవడానికి నాలుగు తీగలను వీట్‌స్టోన్ బ్రిడ్జి అనే చతురస్రపు వలయంలో కలుపుతారు. అతికించే ఈ స్ట్రెయిన్ గేజిని 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఎవరికి వారే కనిపెట్టారు. 5 వోల్టులు ఇస్తే పూర్తి బరువు దగ్గర సాధారణంగా 10 మిల్లీవోల్టులు వస్తాయి, అంతే. దాన్ని పెంచి, అంకెగా మార్చి కంప్యూటర్‌కు పంపాలి.

ఇక్కడే ఇంట్లో కట్టుకునేవారు ఒక పొరపాటు చేస్తుంటారు. కాంటాల్లో వాడే హెచ్ఎక్స్711 అనే చిప్పు చవకగా దొరుకుతుంది. దాంతో పాటు ఆర్డుయినో లియోనార్డో బోర్డు తీసుకుంటే కంప్యూటర్ దాన్ని నేరుగా గేమ్ కంట్రోలర్‌గా గుర్తిస్తుంది. పని చాలా తేలిక. అయితే ఆ చిప్పు పుట్టింది తూకానికి. సెకనుకు 10 సార్లు కొలుస్తుంది, అమరిక మారిస్తే 80 సార్లు. బస్తా తూచడానికి పది సార్లు బోలెడు. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 55 మీటర్లు పోతుంది, పదో వంతు సెకనులో అయిదున్నర మీటర్లు. పాదం నొక్కిన సంగతి ఆటకు అంత ఆలస్యంగా తెలిస్తే మలుపు దాటిపోతుంది. కాబట్టి దాన్ని 80కి మార్చాలి, లేదా ఇంకా వేగంగా కొలిచే చిప్పు పెట్టాలి. అది తెలిసినవారికి ధర్మకాంటా విద్యతోనే మంచి బ్రేకు తయారవుతుంది.

మంచి బ్రేకు వచ్చిన మరుక్షణం కుర్చీ సమస్య మొదలవుతుంది. ఔత్సాహికుల లోడ్ సెల్ పెడళ్లు 60 కిలోల నుంచి 100 కిలోల దాకా కొలుస్తాయి. అందులో సగం బలంతో తొక్కినా ఆఫీసు కుర్చీ చక్రాల మీద వెనక్కి జారిపోతుంది, పెడళ్లు గోడ వైపు పోతాయి. కుర్చీ చక్రాలను పాత బూట్లలో దూర్చేవారున్నారు, కుర్చీని పెడళ్లకు తాడుతో కట్టేవారున్నారు. రెండూ పనిచేస్తాయి, కొన్నాళ్లకు. అసలు మందు గట్టి చట్రం. విదేశాల్లో దీనికి అల్యూమినియం ప్రొఫైళ్లు వాడతారు. సూర్యాపేటలోనో కోదాడలోనో వెల్డింగ్ షాపుకు పోయి ఎంఎస్ స్క్వేర్ పైపుతో కట్టించుకుంటే ఆ ఖర్చులో కొంతభాగానికే పని జరుగుతుంది. దాని మీద పాత కారు సీటు ఒకటి. పెడల్ పలక దగ్గర అడ్డంగా ఇంకో పైపు తప్పక వేయించాలి. తొక్కినప్పుడు పలక వంగితే పాదం చూపిన బలంలో కొంత ఆ వంపులోనే పోతుంది, పాదం నేర్చుకున్న బరువు రోజుకో రకంగా మారుతుంది. బోల్టు రంధ్రాలు కొంచెం పొడవుగా కోయించుకుంటే సీటు, పెడల్ దూరం తర్వాత సర్దుకోవచ్చు.

తెర విషయంలో కొత్తవారు సైజు చూస్తారు. చూడాల్సింది దూరం. 27 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పెడితే అది 53 డిగ్రీల కిటికీ, 80 సెంటీమీటర్లకు జరిపితే 41 డిగ్రీలే. ఆటలో చూపు కోణాన్ని ఈ లెక్కకు సరిపెట్టాలి. అసెట్టో కోర్సా నిలువు కోణం అడుగుతుంది కాబట్టి మొదటి అమరికకు 31 డిగ్రీలు పెట్టాలి. మొదటిసారి గొట్టంలోంచి చూస్తున్నట్టు ఇరుకుగా అనిపిస్తుంది, చాలామంది అక్కడే విసిగి కోణం పెంచేస్తారు. పెంచితే వేగం ఎక్కువగా అనిపించి సరదాగా ఉంటుంది, కానీ మలుపు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది, బ్రేకు ఎక్కడ వేయాలో కన్ను అబద్ధం చెబుతుంది. ఇరుకు భరించి వారం నడిపితే దూరాలు నిజమవుతాయి. పక్కన వచ్చే కార్లు కూడా కనపడాలంటే మూడు తెరలు కావాలి. అప్పుడు, ఫుల్ హెచ్‌డీ తెరలైతే, గ్రాఫిక్స్ కార్డు గీయాల్సిన చుక్కలు 20.7 లక్షల నుంచి 62 లక్షలకు పెరుగుతాయి. మూడు తెరలు కొనేవారు ఆ ఖర్చులో కార్డు ధర కూడా కలుపుకుని లెక్క వేసుకోవాలి.

పీసీలో మాత్రం అందరి చూపూ గ్రాఫిక్స్ కార్డు మీదే ఉంటుంది. సిమ్యులేటర్‌కు ప్రాసెసర్ అంతకు తక్కువేమీ కాదు. టైరు లెక్కలు, పోటీలో ఉన్న మిగతా కార్ల లెక్కలు, శబ్దం, స్టీరింగ్‌కు పంపే జవాబు అన్నీ ప్రాసెసర్ పనే. సెకనుకు 333 సార్లంటే ఒక్కో లెక్కకు గడువు 3 మిల్లీసెకన్లు. వాటిలో చాలా భాగం వరుసలో జరగాలి కాబట్టి పదహారు కోర్లు పెట్టినా ఒక్క కోరు వేగమే నిర్ణయిస్తుంది. దాని చేతికి అందేంత దగ్గర్లో డేటా ఉండాలి. ఏఎండీ 2022లో తెచ్చిన రైజన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ సిమ్ రేసర్లకు ఇష్టమైంది ఇందుకే. మామూలు 5800ఎక్స్‌లో 32 ఎంబీ ఉన్న మూడో స్థాయి క్యాష్ మెమరీని అందులో చిప్పు మీద చిప్పు పేర్చి 96 ఎంబీ చేశారు. ఇరవై ముప్ఫై కార్లు ఒకేసారి మొదటి మలుపులోకి దూరే ఘడియలో ఆ తేడా బయటపడుతుంది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య) ఎంతో గొప్పగా చెప్పుకుంటారు గానీ, చూడాల్సింది ఆ గుంపులో అంకె ఎంతకు పడిందన్నది. సెకనుకు 60 బొమ్మలుంటే 200 కిలోమీటర్ల వేగంలో ఒక్కో బొమ్మకూ మధ్య కారు 93 సెంటీమీటర్లు జరుగుతుంది. మలుపు నడుమ అది 30కి పడితే దాదాపు రెండు మీటర్లు గుడ్డిగా నడపడమే.

ఆన్‌లైన్ పోటీల సంగతి పొట్టిగా. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సింగపూర్‌లోని సర్వరుకు తెలంగాణ నుంచి పోయి రావడానికి ఎంత తిన్నని దారి ఉన్నా 33 మిల్లీసెకన్లు పడుతుంది, తీగ మెలికలు తిరుగుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. దాన్ని ఎవరూ తగ్గించలేరు. వైఫై బదులు తీగ వేసుకుంటే గదిలో వచ్చే ఎగుడుదిగుళ్లయినా పోతాయి.

విదేశీ పుస్తకాలూ వీడియోలూ ఎక్కువగా పట్టించుకోనివి ఆత్మకూర్ (ఎస్) గదిలో పెద్ద విషయాలవుతాయి. మొదటిది ఎండ. చిప్పు వేడి గదివేడి మీద ఎక్కుతుంది. 25 డిగ్రీల గదిలో 75 డిగ్రీల దగ్గర హాయిగా ఉండే ప్రాసెసర్, మే నెలలో 44 డిగ్రీల గదిలో 94 దాకా పోతుంది. ఆ దరిదాపుల్లో చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం ల్యాప్ టైమును రాత్రి టైముతో పోల్చుకుని బాధపడటం అనవసరం. రెండోది దుమ్ము. వరి కోతల రోజుల్లో హార్వెస్టర్లు, రోడ్ల మీద ఆరబోసిన వడ్లు, ఎగిరే నూగు. క్యాబినెట్‌లో గాలి లోపలికి తెచ్చే ఫ్యాన్లు బయటికి తోసేవాటికంటే ఎక్కువ ఉండి, వాటికి జాలీ ఉంటే సందుల్లోంచి దుమ్ము చొరబడదు. పొటెన్షియోమీటరు పెడళ్లకు ఈ దుమ్మే శత్రువు. లోపలి పట్టీ మీద చేరి, కాలు పెట్టకపోయినా బ్రేకు మినుకుమినుకుమంటుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఎర్తింగ్. పీసీ పవర్ సప్లైలో విద్యుత్ గందరగోళాన్ని వడకట్టడానికి లైను నుంచీ న్యూట్రల్ నుంచీ ఇనుప పెట్టెకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. ఎర్తింగ్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి ముట్టుకుంటే జిల్లుమంటుంది, అంతే అనుకుని వదిలేస్తారు. స్క్వేర్ పైపు చట్రం మీద ఇదంతా బిగించాక కథ మారుతుంది. పీసీ, మోటారు, పెడళ్లు, సీటు అన్నీ ఒకే ఇనుముకు తగులుతాయి, ఆ కరెంటు యూఎస్‌బీ తీగల కవచాల గుండా దారి వెతుక్కుంటుంది. రేసు మధ్యలో స్టీరింగ్ ఉన్నట్టుండి తెగిపోయి, మళ్లీ కలిసిందని విండోస్ చప్పుడు చేస్తుంది. చాలామంది దాన్ని చక్రం లోపమనుకుని వారంటీకి పంపుతారు. మల్టీమీటరుతో సాకెట్‌లో లైనుకూ ఎర్తుకూ మధ్య చూస్తే 230 దరిదాపుల్లో ఉండాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఇది చూడటం రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, సాకెట్‌లో ప్రయోగాలు చేయకూడదు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడిపేవారు అది సైన్ వేవ్ రకమేనా అని కూడా చూసుకోవాలి. చతురస్రపు అలతో నడిచే పాత ఇన్వర్టరు ఫ్యానుకు సరే, ఖరీదైన పవర్ సప్లైకి తగదు.

డైరెక్ట్ డ్రైవ్ దాకా వెళ్లినవారికి ఒక మాట. కారు గోడకు గుద్దుకునే క్షణంలో చక్రం ఒక్కసారిగా తిరుగుతుంది. బొటనవేళ్లు చువ్వల లోపల చుట్టి పట్టుకుంటే విరగవచ్చు. వేళ్లు అంచు మీదే ఉంచాలి, 20 న్యూటన్ మీటర్ల పెద్ద మోటార్లకు అత్యవసర స్విచ్ చేతికి అందే దూరంలో బిగించాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆట ముగియగానే దాని ప్లగ్గు తీసేయాలి.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగే కాబట్టి ఈ వేసవిలో సిమ్యులేటర్ కట్టాలనుకుంటున్నవారు ముందు ఇంటి ఎర్తింగ్ గుంత చూసుకోండి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఆ పైపు చుట్టూ నేల మే నాటికి ఎండి కరెంటును మోయడం మానేస్తుంది. వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి. స్టీరింగ్ ఆ తర్వాత కొనుక్కోవచ్చు.